అతుకుల వీణ

పోయిన దసరాలకి రెండు వారాల ముందు మాట. బొమ్మలకొలువులోకి కొత్త బొమ్మ కొనాల్సిందేనని మా మనవరాలు పేచీ పెడితే, దాన్ని వెంటబెట్టుకుని శిల్పారామానికి వెళ్లాను. మా అమ్మాయి వాళ్లుండేది కొండాపూర్లో. పేరుకి పక్కనే. సైబర్ టవర్స్ దగ్గర కార్లన్నీ ఒకదాని తోక ఒకటి పట్టుకుని నిలబడిపోతే, ఆ పక్కకి చేరడానికి నలభై నిమిషాలు పట్టింది. లోపలికి అడుగుపెట్టాక మాత్రం ప్రాణం లేచొచ్చింది. చుట్టూ అద్దాల మేడలుంటే మధ్యలో ఆ చెట్లూ, ఆ పాకలూ, మట్టి కుండలూ!

కొండపల్లి బొమ్మలూ, ఏటికొప్పాక లక్కబొమ్మలూ చూసుకుంటూ వెళ్తుంటే ఒక కొట్లో గాజుపెట్టెలో జానెడు వీణ కనిపించింది. బొబ్బిలి వీణకి బుల్లి నకలు. బుల్లి బిరడాలు, బుల్లి యాళి ముఖం, పసుపుపచ్చని కుండ మీద నగిషీ. చూడముచ్చటగా వుంది.

"ఇది మోగుతుందా అమ్మమ్మా?" అంది మనవరాలు.

కొట్టతను నవ్వి, "మోగదు పాపా, చూడ్డానికే" అన్నాడు.

"మరి వీణ అంటారెందుకు?"

అతని దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. పిల్లల ప్రశ్నకి జవాబు తెలియకపోతే ఆ వస్తువు కొనిచ్చెయ్యడం మా ఇంటి ఆచారం. కొన్నాం.

హైటెక్ సిటీ చుట్టుపక్కల ఇలాంటి వీణలకేం కరువు లేదు. ఆఫీసులో అడుగుపెట్టగానే ఒకటి, హోటలు హాల్లో ఒకటి, ఉద్యోగం మారి వెళ్లిపోయేవాళ్లకి శాలువాతో పాటు ఒకటి. మా అల్లుడికే రెండొచ్చాయి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఈ బుల్లి వీణలు అమ్ముడుపోబట్టే పెద్ద వీణ చేసే చేతులు ఇంకా ఆ పని పట్టుకుని వున్నాయి. పెద్ద వీణ చెయ్యాలంటే వారాల తరబడి పడుతుంది, కొనేవాళ్లేమో అరుదు. అంచేత నా తగువు బొమ్మతో కాదు. బొమ్మని చూసే కళ్లతోనే అసలు వీణనీ చూడ్డం మొదలుపెట్టామే, దానితో.

ఎందుకంటున్నానో చెబుతాను.

మా అమ్మ వీణ మా అమ్మాయింట్లో బీరువా మీద పాత దుప్పటి చుట్టుకుని పడుకుని వుంది. అమ్మకి పెళ్లయిన కొత్తలో, 1950ల్లో, మా తాతగారు విజయనగరంలో కొనిచ్చిన వీణ అది. అది ఏకాండి కాదు. కుండ వేరు, దండి వేరు. రెండూ కలిసేచోట అతుకు, ఆ అతుకు కనబడకుండా ఒక తెల్లటి కొమ్ము పట్టీ. మా మేనత్త ఎప్పుడొచ్చినా "మీ నాన్నగారు నీకు అతుకుల వీణ అంటగట్టారు వదినా" అని నవ్వేది. అమ్మ జవాబు చెప్పేది కాదు. సారణి శ్రుతి చేసుకునేది. అమ్మకి ఇష్టంలేని మాట ఎవరన్నా అంటే సారణి శ్రుతి తప్పుతుందని నా చిన్నతనంలో నిజంగానే నమ్మాను.

ఆ వీణ మీదే నేనూ సరళీస్వరాలు మొదలుపెట్టాను. వర్ణాల దాకా వచ్చి, పెళ్లయి, ఆపేశాను. మానెయ్యమని ఎవరూ అనలేదు. మావారు "వాయించుకోవచ్చుగా" అనేవారు కూడాను. ఆయన ఆ మాట అనేసరికి అక్కడ పాలు పొంగేవి.

మూడేళ్ల కిందట దుప్పటి విప్పి చూస్తే అతుకు దగ్గర వెంట్రుకవాసి సందు కనిపించింది. పై పలక మీద సన్నటి బీట. మెట్ల కింద మైనం ఎండలకి కరిగి, మెట్లన్నీ బస్సులో నిలబడ్డ జనంలా ఒకవైపుకి ఒరిగాయి. చూసి, మళ్లీ కప్పేశాను.

ఇప్పుడు మనవరాలికి పదకొండో ఏడు. విజయదశమినాడు వీణ మొదలుపెట్టిద్దామని అమ్మాయీ అల్లుడూ అనుకున్నారు. అల్లుడు మంచివాడు. నా ఎదురుగా కూర్చుని మర్యాదగానే చెప్పాడు. "కొంటే ఏకాండిదే కొందాం అత్తయ్యగారూ. మొత్తం ఒకే మానులో తొలిచింది. అతుకులుండవు. ఈ పాతదాన్ని మా ఆఫీసువాళ్లు అడుగుతున్నారు. ముందు హాల్లో గాజుపెట్టె చేయించి, లైట్లు పెట్టి, బాగా చూసుకుంటారు."

పెద్దావిడని మంచి వృద్ధాశ్రమంలో చేర్పిద్దాం అన్నట్టు వినిపించింది నాకు. అయినా అతనన్నదాంట్లో తప్పేముంది? మోగని వీణ బీరువా మీద వుంటేనేం, గాజుపెట్టెలో వుంటేనేం? వారం రోజులు గడువడిగాను. ఏకాండి అంటే ఇంత మోజెందుకో తెలుసుకోకుండా కాదనడమూ తప్పే, సరేననడమూ తప్పే.

ముందుగా ఏకాండి పక్షాన చెప్పాల్సింది చెప్పాలి. బొబ్బిలి అనగానే మనకి 1757 జనవరిలో జరిగిన యుద్ధం, తాండ్ర పాపారాయుడు గుర్తొస్తారు. ఆ బొబ్బిలికి దగ్గర్లోనే గొల్లపల్లి అనే వూళ్లో సర్వసిద్ధివారు తరతరాలుగా వీణలు చేస్తున్నారు. పనస మాను ఒక్కటి తీసుకుని కుండా, దండీ, యాళి ముఖమూ అందులోంచే తొలుస్తారు. బొబ్బిలి వీణకి ప్రభుత్వం వారి భౌగోళిక గుర్తింపు కూడా వుంది, మన పోచంపల్లి చీరకి వున్నట్టు. ఒకే మాను కావడంవల్ల చెక్క గీత కుండ నుంచి దండి దాకా తెగకుండా సాగుతుంది. అతుకు ఊడుతుందన్న భయం లేదు. తొలిచేటప్పుడు ఉలి ఒక్కసారి అదుపు తప్పిందా, మాను మొత్తం వృథా. అంత పనితనం వున్న వస్తువుని తక్కువ చేసి మాట్లాడటానికి నాకు నోరు రాదు.

కానీ ఒక సంగతి గమనించండి. ఏకాండి వీణకి కూడా కుండ మీద మూతలాగా పలక పరచాలి. తొలిచిన దండి మీదా పలక కప్పాలి. ఆ పలకలు విడిగా కోసినవే. గుర్రం, అంటే తీగలు ఎక్కి కూర్చునేది, వేరే చెక్క, దానిమీద లోహపు రేకు. ఎడమ చేతివైపు వేలాడే బుర్ర ఒకప్పుడు సొరకాయ, ఇప్పుడు చాలావాటికి కాగితపు గుజ్జో, ఫైబరో. ఇరవైనాలుగు మెట్లూ మైనం మీద నిలబడతాయి. అతుకే లేని వీణ లోకంలో లేదు. ఎన్ని అతుకులున్నాయన్నది కాదు, అవి ఎలా కుదిరాయన్నది చూడాలేమో అని అప్పుడే అనుమానమొచ్చింది నాకు.

ఆ అనుమానం ఇంకో చిత్రమైన చోట బలపడింది. మా అల్లుడి స్నేహితుడొకతను అమెరికాలో చాలా ఏళ్లుండి వచ్చి గచ్చిబౌలిలో కాపరం పెట్టాడు. ఆ ఆదివారం మమ్మల్ని భోజనానికి పిలిచారు. హాల్లో నాలుగు కాళ్ల మీద పొడుగ్గా ఒక బల్ల కనిపిస్తే, ఇస్త్రీ బల్ల అనుకుని "ఇంత మంచి చెక్కతో చేయించారే" అన్నాను. ఆ అబ్బాయి నవ్వలేదు పాపం. "గిటారండీ ఆంటీ" అన్నాడు.

పెడల్ స్టీల్ గిటార్ అట. ఒళ్లో పెట్టుకునేది కాదు, ముందు కూర్చుని వాయించేది. పది తీగలు. ఎడమ చేత్తో ఒక ఉక్కు కడ్డీని తీగల మీద జార్చుతూ, కుడి చేత్తో మీటుతూ, కాళ్లతో పెడల్స్ తొక్కుతుంటే తీగలు బిగుస్తాయి, వదులవుతాయి. మన గోటువాద్యంలో కూడా మెట్లుండవు, తీగల మీద కొయ్య ముక్కని జార్చి వాయిస్తారు కదా, దానికి దూరపు చుట్టమనుకోండి. గిటారు మీద ఇలా ఉక్కు జార్చడం పందొమ్మిదో శతాబ్దం చివర్లో హవాయి దీవుల్లో జోసెఫ్ కెకూకూ అనే ఆయన వల్ల ప్రచారంలోకి వచ్చిందంటారు. పెడల్సు తర్వాత అమెరికాలో చేరాయి. 1954లో బడ్ ఐజాక్స్ అనే ఆయన ఒక పాటలో పెడల్ తొక్కి తీగని వొంచి వాయిస్తే, దేశమంతా ఆ వాద్యం వెంట పడిందట. మనం మెట్టు మీద తీగని వేలితో పక్కకి లాగి గమకం పలికిస్తాం. వాళ్లు అదే పని కాలితో చేస్తారు. వంటింట్లో నిలబడి వాయించడానికి పనికొచ్చే వాద్యమేమో అనిపించింది, చేతులెటూ ఖాళీ వుండవు.

అసలు విషయం చెక్క. ఆ గిటారు పాతది, షో-బడ్ అనే పేరుగలది. నాష్‌విల్ అనే వూళ్లో 1950ల్లో మొదలైన కంపెనీ. మేపుల్ చెక్కతో చేస్తారు. గట్టి చెక్క. ఆ చెక్కలో పిట్టకళ్లలాంటి చుక్కలున్నది ఒక రకం, పులిచారల్లా మెరిసేది ఇంకో రకం. పాత గిటార్లు కొనేవాళ్లు ముందు పలకా, వెనక పలకా, పక్క చెక్కలూ ఒకే దుంగలోంచి కోసినవేనా, చుక్కలూ చారలూ ఒకదానికొకటి సరిపోయాయా అని భూతద్దం పెట్టి చూస్తారట. సరిపోతే ధర పెరుగుతుంది. "అంటే మీకూ ఏకాండి పిచ్చి వుందన్నమాట" అన్నాను. మా అల్లుడు కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఆ చుక్కల వల్ల నాదం బాగుంటుందా?" అనడిగాను.

అబ్బాయి నిజాయితీపరుడు. "చూడ్డానికి బాగుంటుందండీ" అన్నాడు. తర్వాత ఇంకోమాట చెప్పాడు. షో-బడ్ మొదలుపెట్టినవాళ్లలో ఒకాయన, బడ్డీ ఎమన్స్, 1960ల్లో విడిగా తన పేరుతోనే గిటార్లు చేయించాడు. వాటిల్లో చాలావాటికి మేపుల్ చెక్క మీద మన భోజనాల బల్లకి వేసినట్టు మైకా అంటించేవారట. నల్లటి మైకా! లోపల చుక్కలున్నాయో చారలున్నాయో ఎవరికీ కనబడదు. అయినా నాదం కోసం ఆ పాత ఎమన్స్ గిటార్ల వెంట పడేవాళ్లు ఈనాటికీ బోలెడుమంది.

మరి చెక్కతో పనే లేదా అంటే, వుంది. పెడల్ తొక్కినప్పుడు ఒకటో రెండో తీగలు బిగుస్తాయి. ఆ లాగుడికి గిటారు ఒళ్లు కంటికి కనబడనంత వొంగుతుంది. అప్పుడు తొక్కని తీగల శ్రుతి రవ్వంత జారుతుంది. ఒకరిని లాగితే పక్కవాళ్లు జారిపోవడం సంసారంలో మనకి తెలియనిదా! చెక్క గట్టిగా, బాగా ఆరినదిగా వుండి, ముక్కలన్నీ బిర్రుగా కుదిరితే ఆ జారుడు తగ్గుతుంది. చూసుకోవలసిన కుదురు అది. కొనేవాళ్లు చూసేదేమో పిట్టకళ్ల కుదురు.

ఇంటికొచ్చాక మా అల్లుడు, "గిటారు వేరు అత్తయ్యగారూ, దానిది కరెంటు మోత. వీణకి చెక్కే ప్రాణం" అన్నాడు. వాదన సబబైనదే. అందుకని ఇంకాస్త చదివాను. కరెంటు లేని గిటారుకీ ఒక కథ వుంది. స్పెయిన్‌లో ఆంతోనియో దె తోరెస్ అనే గిటార్ల శిల్పి 1862లో ఒక గిటారు చేశాడు. దాని పక్కలూ, వీపూ చెక్క కాదు, కాగితపు అట్ట! మన వీణ బుర్ర లాగానే అన్నమాట. పై పలక మాత్రం మంచి చెక్కతో, చాలా జాగ్రత్తగా చేశాడు. నాదానికి ముఖ్యం పై పలక అని నిరూపించడానికే ఆ పని చేశాడంటారు. మన దేశంలో సర్ సి.వి. రామన్‌గారు నోబెల్ బహుమతికి తొమ్మిదేళ్ల ముందు, 1921లో, మన తీగ వాద్యాల మీద ఒక పరిశోధనా వ్యాసం రాశారు. వీణకీ తంబురాకీ ఆ నిండైన మోత రావడానికి కారణం గుర్రం అని చెప్పారాయన. వయొలిన్‌లో తీగ గుర్రం అంచుకి మాత్రమే ఆనుతుంది. మన గుర్రం పైభాగం వెడల్పుగా, సన్నటి వంపుతో వుంటుంది. తీగ మోగుతూ ఆ వంపుని తాకుతూ వదులుతూ వుంటే పైస్వరాలన్నీ పలుకుతాయి. అంటే మనం పనస మానుకి కట్టబెట్టే కీర్తిలో సగం, బెత్తెడు లోహపు రేకుకి చెందుతుందన్నమాట.

ఇన్ని చదివినా పుస్తకం పుస్తకమే. మా అమ్మ వీణ సంగతి పుస్తకంలో లేదు కదా. మనవరాలికి చెప్పబోయే వీణ టీచరుగారు, వీణలు బాగుచేసే ఒక పెద్దాయనని ఇంటికి పంపారు.

ఆయన దుప్పటి విప్పి, ఏ మాటా అనకుండా ముందు దండి చివర కన్ను పెట్టి, తుపాకీ గురి చూసినట్టు పొడుగునా చూశారు. తర్వాత వేలి కణుపుతో కుండంతా తట్టారు. పుచ్చకాయ కొనేటప్పుడు మనం తడతామే, అలాగ. పై పలక మీద తట్టి, మొహం చిట్లించి, "ఇంత దళసరిగా ఎవరు పూశారమ్మగారూ ఈ వార్నీషు?" అన్నారు.

నేనే చేయించాను. ఇరవై ఏళ్ల కిందట ఒక దుకాణంలో ఇస్తే, కొత్తదానిలా మెరిపిస్తామని పొరమీద పొర పూసి ఇచ్చారు. మెరిసింది కూడాను. ఇంటికి తెచ్చాక నాదం మందగించినట్టు అనిపించి, నా చేతికే అలవాటు తప్పిందనుకున్నాను. "మెత్తటి దుప్పటి కప్పి పాడమన్నట్టు. పలక ఆడాలి కదమ్మా" అన్నారాయన. ఇరవై ఏళ్లు నా చెయ్యి చేసిందనుకున్న తప్పు వార్నీషుదని తెలిసి సంతోషించాలో, ఏడవాలో తెలియలేదు.

అప్పుడు అడిగాను, "ఇది అతుకుల వీణ కదండీ, ఏకాండికి సాటి వస్తుందా?" అని.

ఆయన అతుకు మీద కొమ్ము పట్టీ జాగ్రత్తగా వూడదీసి, నన్ను దగ్గరికి పిలిచి చూపించారు. కుండ చెక్క ముదురు గోధుమరంగు. దండి కాస్త లేత రంగు. రెండు వేర్వేరు చెట్లవి! మా తాతగారిని నిజంగానే మోసం చేశారా అని గుండె గుభేలుమంది. "కాదమ్మా, గీతలు చూడండి" అన్నారు. రెండు చెక్కల్లోనూ గీత నిలువునా, ఒకే వాలులో సాగుతోంది. దండికి తేలికైన ముక్క ఏరి, కుండకి చేవదేరిన ముక్క ఏరి, రెండూ ఒకేలా ఆరినవి చూసి అతికారట. "పచ్చి చెక్కనీ ఎండు చెక్కనీ అతికితే పచ్చిది ఆరుతూ ముడుచుకుని రెండోదాన్ని చీలుస్తుంది. ఇవి రెండూ ఒక ఈడువి. అందుకే ఇన్నేళ్లు నిలబడింది. మీ ఏసీ గదిలో గాలి పొడిబారి ఇప్పుడు వదిలింది గానీ, చేసినవాడి లోపం కాదు."

చేవ అన్నారాయన. ఆ మాట మనం రోజూ మనుషులకి వాడుతూనే వుంటాం. పనస మాను నడిమధ్యనుండే పచ్చటి గట్టి చెక్క చేవ. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పసుపు ముదిరి గోధుమరంగుకి తిరుగుతుంది. చెదలు త్వరగా పట్టవు. బయట చుట్టూ వుండే తెల్ల చెక్క పనికిరాదు. లేత చెట్టు కొట్టి, సరిగా ఆరనివ్వకుండా తొలిస్తే ఏకాండి అయినా బీటలు వారుతుందనీ, పెద్ద దుంగ లోపలొకలా బయటొకలా ఆరుతుంది కనక దానికే ఎక్కువ ఓపిక కావాలనీ చెప్పారాయన. గుడి దగ్గర గంటలు విన్న మానైతే నాదం బాగుంటుందని ఒక నమ్మకం వుంది కదా, అదీ అడిగాను. "గంటలు విందో లేదో గానీ, గుడి దగ్గర చెట్టుని ఎవరూ తొందరపడి కొట్టరమ్మా. ముదిరేదాకా వుంటుంది" అన్నారు. ఆ నమ్మకానికి ఇంత చక్కని వ్యాఖ్యానం నేను వినలేదు.

అయితే ఆయన నన్ను మెప్పించడానికి వచ్చినవారు కాదు. దండి మధ్యలో గింజంత వొంగిందనీ, పై మెట్ల దగ్గర తీగ ఎత్తుగా నిలుస్తుందనీ, దాన్ని మెట్లతో సర్దగలరు గానీ పూర్తిగా పోగొట్టలేరనీ చెప్పేశారు. వార్నీషు గీకి, అతుకు విప్పి మళ్లీ అతికి, పలక బీట పూడ్చి, కొత్తగా మైనం పోసి మెట్లు నిలబెట్టారు. తొమ్మిది రోజులు పట్టింది.

విమర్శ రాస్తానని కూర్చున్నాక వినకుండా రాయకూడదు కదా. టీచరుగారి దగ్గర బొబ్బిలి ఏకాండి వీణ వుంది. మా వీణని కారులో వెనక సీటు మీద పడుకోబెట్టి తీసుకెళ్లి రెండూ పక్కపక్కన పెట్టాం. ఆవిడ రెండింటి మీదా ఒకే రాగం, మోహన, వాయించారు. నేను అటు తిరిగి కూర్చున్నాను, చెక్క రంగు చూసి తీర్పు చెప్పకుండా.

నా చెవికి తోచింది దాచకుండా చెబుతాను. ఏకాండి వీణ పలుకు నిండుగా వుంది. మీటిన స్వరం చాలాసేపు నిలుస్తుంది. కింది మెట్టు నుంచి పై మెట్టుదాకా గొంతు మారదు. మా వీణ తారస్థాయికి వెళ్లేసరికి కాస్త పొడిబారుతుంది, స్వరం త్వరగా అణిగిపోతుంది. కానీ మంద్రంలో, అనుమంద్రం తీగ మీద, దాని గొంతు వేరు. ముసలివాళ్లు నిద్రపోయే పిల్లల దగ్గర మాట్లాడినట్టు వుంటుంది. టీచరుగారు వాయించడం ఆపి, "ఇది ఇంట్లో వాయించుకునే వీణండీ, హాలుకి అది" అన్నారు. అంతకన్నా సరైన తీర్పు నేనివ్వలేను. ఏకాండి గొప్పదే. కానీ అది ఏకాండి కాబట్టి గొప్పది కాలేదు, మంచి చేవ వున్న చెక్కని ఓపిగ్గా ఆరబెట్టి సరిగా తొలిచారు కాబట్టి అయింది. మా వీణ అతుకుల వల్ల చిన్నబోలేదు. దండి వొంగడం వల్లా, నేను పూయించిన మెరుపు వల్లా చిన్నబోయింది. మా మేనత్త విమర్శ తప్పుచోట పడింది. ఆవిడ బతికి వుంటే ఈ మాట చెప్పి, ఆ తర్వాత కాఫీ ఇచ్చి వుండేదాన్ని.

మన సంగీతంలో కూడా ఈ పేచీ వుంది. ఈమని శంకరశాస్త్రిగారు (1922-1987) ద్రాక్షారామంలో పుట్టారు. ఆయన శిష్యులు చిట్టిబాబుగారు (1936-1996) కాకినాడలో పుట్టారు. రేడియోలో వాళ్ల వీణ వింటూ మా తరం అన్నాలు వండింది. ఆ పెట్టెలోంచి వచ్చేది ఏ మాను వీణో మాకు తెలియదు, అడగాలనీ తోచలేదు. చెయ్యి ఎవరిదో రెండు మీటుల్లో తెలిసేది. ఇప్పుడు కచేరీల్లో చాలామంది వీణకి మైకు అంటించి వాయిస్తున్నారు. అప్పుడు చెక్క చేసే పనిలో కొంత తీగకీ, కరెంటుకీ బదిలీ అవుతుంది. అయినా దుకాణంలో మొదటి ప్రశ్న "సింగిల్ పీసేనా?" అనే.

వీణ కొనబోయే తల్లులకి నేను చెప్పేది ఇంతే. నగిషీ చివర చూడండి. మొదట దండి చివర కన్ను పెట్టి వొంపుందేమో చూడండి. పై పలక మీద గీత నిలువుగా, ముడులు లేకుండా వుందా చూడండి. తట్టండి, కుండంతా ఒకేలా పలకాలి. చెక్క ఎన్నాళ్లు ఆరిందో అడగండి. ఏకాండి అయితే బీటలు వెతకండి, అతుకుదైతే అతుకు మీద బొటనవేలు రాసి చూడండి, గోరు తగలకూడదు. మెరుపు ఎక్కువైతే అనుమానించండి. ఇంటికి తెచ్చాక ఏసీ గాలికి ఎదురుగా పెట్టకండి, ఎండలో అసలే వద్దు. పాత వీణ ఇంట్లో వుంటే, అమ్మేసే ముందు ఒక్కసారి తెలిసినవాళ్ల చేత తట్టించండి. అది నిజంగా పాడైపోయి వుండొచ్చు. పాడైందని మనం అనుకుంటూ వుండొచ్చు కూడా.

మా ఇంట్లో ఏం జరిగిందంటారా? మా అల్లుడు ఆఫీసువాళ్లకి "ఇవ్వడం లేదు" అని చెప్పాడు. పిల్లకి చేయి తిరిగాక, నాలుగైదేళ్లకి, ఏకాండి కొందామన్నాడు. నేను సరేనన్నాను. అందులో ఓడినవాళ్లెవరూ లేరు. విజయదశమినాడు మనవరాలు అమ్మ వీణ ముందు కూర్చుని సారణి తీగ మీద స-ప-స మీటింది. వేలు నొప్పెట్టిందని రెండో నిమిషంలో లేచిపోయింది. దాని జాగాలో నేను కూర్చున్నాను. నలభై ఏళ్లకి పైనే అయింది. మొదటి స్వరమే శ్రుతి తప్పింది. మావారు పేపరు చదువుతున్నట్టు నటించారు, పేజీ మాత్రం తిప్పలేదు.

ఆ సాయంత్రం పేరంటానికి అపార్టుమెంటులో ఆడవాళ్లంతా వచ్చారు. బొమ్మలకొలువు మూడో మెట్టు మీద శిల్పారామం వీణ, పక్కన నేల మీద అమ్మ వీణ. పదిమందిలో తొమ్మిదిమంది "ఎంత ముద్దుగా వుందో, ఎక్కడ కొన్నారండీ?" అని బొమ్మ వీణ గురించే అడిగారు. పదో ఆవిడకి డెబ్భై ఏళ్లుంటాయి. ఎవరి అత్తగారో, వూరి నుంచి వచ్చింది. చీర కుచ్చిళ్లు సర్దుకుని నేల మీద కూర్చుని, పెద్ద వీణ కుండ మీద వేలితో మెల్లగా తట్టి, చెవి దగ్గర పెట్టి వింది. నా వైపు చూసి తలూపి, తాంబూలం అందుకుని వెళ్లిపోయింది.